కాల్టన్ హిల్ జాతర, నా నవల

నవల ఎలా రాశావని ఎవరైనా అడిగితే, ముందు ఇసక బకెట్లు మోశానని చెప్తాను. నవ్వుతారు. నవ్వించడానికి అన్న మాట కాదది.

నేను రాసేది ఫాంటసీ, అదీ తెలుగులో. పుట్టి పెరిగింది విజయనగరం. ఉండేది స్కాట్లాండ్‌లో, ఎడిన్‌బరాలో కలిసిపోయిన లీత్ అనే పాత రేవుపేటలో. వారంలో కొన్ని రాత్రులు ఒక వృద్ధాశ్రమంలో డ్యూటీ. మిగతా టైమంతా రాత, నడక, వీలు చిక్కినప్పుడల్లా ఇక్కడి జాతరలు. ఇక్కడివాళ్లు వీటిలో కొన్నిటిని పేగన్ పండగలంటారు. క్రైస్తవం రాకముందటి కొలుపుల్ని తలుచుకుంటూ, మరిచిపోయినచోట కొత్తగా అల్లుకుంటూ చేసుకునేవి. 2022 జనాభా లెక్కల్లో మతం దగ్గర పేగన్ అని రాయించుకున్నవాళ్లు స్కాట్లాండ్ మొత్తం మీద 19 వేల పైచిలుకు. అయితే పండగ చేసేవాళ్లలో చాలామంది ఆ లెక్కలోకి రారు. నేను జాతర చేసే జట్టులో ఇంట్లో పీఠం పెట్టుకుని దీపం వెలిగించే ఆమె ఉంది, దేవుడన్న మాట ఎత్తితే మొహం తిప్పుకునే సాఫ్ట్‌వేర్ కుర్రాడూ ఉన్నాడు. ఇద్దరూ ఒకే డబ్బాలోంచి రంగు తీసుకుని పూసుకుంటారు.

అన్నిట్లోకీ పెద్దది బెల్టేన్. ఏప్రిల్ 30 రాత్రి, తెల్లారితే మే ఒకటి. పాతకాలంలో ఇది పశువులు కాచుకునేవాళ్ల పండగ. చలి వెళ్లి పసరిక మొలిచాక, మందల్ని కొండమీది మేతకి తోలేముందు రెండు మంటలు వేసి వాటి మధ్య నుంచి నడిపించేవాళ్లని ఐర్లండ్‌లో వెయ్యేళ్ల నాటి ఒక నిఘంటువులో ఉంది. రోగాలు రాకుండా. స్కాట్లాండ్ కొండల్లో ఈ మంటలు పంతొమ్మిదో శతాబ్దం దాకా అక్కడక్కడ మిగిలి, తర్వాత చల్లారిపోయాయి. ఇప్పుడు ఎడిన్‌బరాలో జరిగేది 1988లో కొంతమంది కళాకారులు, జానపద విజ్ఞానం తెలిసినవాళ్ల సాయంతో మళ్లీ మొదలుపెట్టింది. నాకంటే చిన్న పండగ!

ఇది చెప్పగానే కొందరికి ఉత్సాహం నీరుగారిపోతుంది. ఓహో, నిన్నగాక మొన్న పుట్టిందా అంటారు. పేగన్లు పాటించే ఎనిమిది పండగల చక్రం కూడా అంతే. 1950లలో ఇంగ్లండ్‌లో గెరాల్డ్ గార్డనర్, రాస్ నికల్స్ అనే ఇద్దరి చుట్టూ ఉన్న బృందాలు అక్కడో పండగ, ఇక్కడో పండగ తెచ్చి గుండ్రంగా కూర్చాయి. వాటిలో ఒస్టారా, లీథా, మాబన్ అనే మూడు పేర్లయితే 1970లలో అమెరికాలో పెట్టినవి. అయితే ఏమైంది? మా విజయనగరంలో పైడితల్లి అమ్మవారికి చేసే సిరిమాను జాతరకి కూడా ఒక మొదటి ఏడాది ఉండే ఉంటుంది కదా. ఆ ఏడు చూసినవాళ్లలో కూడా ఎవరో ఒకరు, ఇదేం కొత్త వింత అని గొణుక్కునే ఉంటారు.

సరే, బకెట్ల దగ్గరికొస్తాను.

ఈ జాతర నడిపేది జీతాలిచ్చే కంపెనీ కాదు, స్వచ్ఛందంగా వచ్చేవాళ్ల సంఘం. చలికాలం చివర్లో అందర్నీ పిలిచి ఒక మీటింగ్ పెడతారు. నేను వెళ్లేటప్పుడు ఏదో పొగా ధూపం, ముసుగులేసుకున్న మనుషులూ ఉంటారని ఊహించుకున్నాను. అక్కడ ప్లాస్టిక్ కుర్చీలు, టీ, బిస్కెట్లు, ఫారాలు. ఒక్కో జట్టు ముందుకొచ్చి, మేం డప్పులు వాయిస్తాం, మేం ఒళ్లంతా ఎరుపు పూసుకుని కోతిచేష్టలు చేస్తాం, మేం జాతరలో ముఖ్యవేషమైన మే రాణి వెంట తెల్లగా నడుస్తాం, మేం కాగడాలు పడతాం అని చెప్పుకుంటుంది. నచ్చిన జట్టులో పేరిచ్చుకోవాలి. నేను స్టీవార్డుల్లో ఇచ్చాను. అంటే జనాన్ని తాడు ఇవతల ఉంచేవాళ్లు, దారి ఖాళీ చేయించేవాళ్లు, నిప్పు దగ్గర నీళ్లూ ఇసకా పట్టుకుని నిలబడేవాళ్లు. ఆడలేను, డప్పు వాయించలేను, ఏప్రిల్ చలిలో ఒంటికి రంగు తప్ప ఏమీ లేకుండా నిలబడటం అసలే నావల్ల కాదు.

అక్కణ్నుంచి వారం వారం ప్రాక్టీసు. ఎక్కువగా ఊళ్లోని పార్కుల్లోనే. వానలో. పక్కనే ఎవరో కుక్కని నడిపించుకుంటూ పోతుంటారు, మనం కనపడని మంటల చుట్టూ కనపడని జనాన్ని తోస్తూ ఉంటాం. నిప్పు గురించి చెప్పే క్లాసు మాత్రం గట్టిగా ఉంటుంది. నైలాన్, పాలియెస్టర్ బట్టలు వద్దు, అవి కాలితే కరిగి చర్మానికి అంటుకుంటాయి. నూలు గానీ ఉన్ని గానీ వేసుకోవాలి. జుట్టు ముడేసుకోవాలి. గాలి ఎటునుంచి వీస్తోందో ఎప్పటికప్పుడు చూసుకోవాలి. తడి తువ్వాలు చేతికందేలా ఉండాలి. ఇవన్నీ వింటుంటే నాకు మా అమ్మమ్మ పొయ్యి దగ్గర పెట్టే చీవాట్లు గుర్తొచ్చాయి.

కాల్టన్ హిల్ నగరం నడిబొడ్డున ఉన్న చిన్న కొండ. దాని మీద గ్రీకు గుడిలాంటి కట్టడం ఒకటుంది, పన్నెండు రాతి స్తంభాలు. నెపోలియన్ యుద్ధాల్లో చనిపోయిన సైనికుల గుర్తుగా 1826లో మొదలుపెట్టి, డబ్బులు చాలక 1829లో ఆపేశారు. అలాగే ఉండిపోయింది. ఆ సగంలో ఆగిన గుడి ముందే జాతర మొదలవుతుంది. మే రాణి బయటికొస్తుంది, డప్పులు అందుకుంటాయి, ఊరేగింపు కొండ చుట్టూ అప్రదక్షిణంగా బయల్దేరుతుంది. దారిలో గాలి, నేల, నీరు, నిప్పు పేర్లతో ఉన్న జట్లు కలుస్తాయి. వెంట నడిచే పచ్చమనిషి చలికాలపు ఆకులతో ఉంటాడు. అతను రాణిని తాకబోతే ఆమె పరివారం చంపేస్తుంది, రాణి మళ్లీ బతికిస్తుంది, అప్పుడు కొత్త చిగురుతో లేస్తాడు. చివర్లో పెద్ద మంట. కథ అంతే, చిన్నది.

మొదటి ఏడు ఆ కథ నేను చూడనే లేదు. స్టీవార్డు నిలబడేది జనం వైపు మొహం పెట్టి. వెనక డప్పులు దగ్గరికొస్తున్నాయని వీపుకి తెలుస్తుంది, ఎదురుగా ఉన్న వందల మొహాల మీద వెలుగు మారుతుంది, ఎర్రగా ఒళ్లు పూసుకున్నవాళ్లు ఎక్కడో అరుస్తారు, నా చూపు మాత్రం తాడు మీదా, తాగొచ్చిన ఇద్దరు కుర్రాళ్ల మీదా. ఒక పిల్ల వాళ్ల నాన్న భుజాలెక్కి చూస్తోంది. పచ్చమనిషి పడిపోయినప్పుడు ఆ పిల్ల మొహం చూసి నేను తెలుసుకున్నాను, ఇప్పుడు పడిపోయాడని. లేచినప్పుడూ అంతే. జాతరలో పని ఉన్నవాళ్లకి జాతర కనపడదు. నాకు అది లోటుగా అనిపించలేదు సరికదా, నవలలో కథ చెప్పే మనిషి అక్కడే దొరికింది. మహత్తు జరుగుతుంటే దానికి వీపు పెట్టి నిలబడే మనిషి.

అర్ధరాత్రి దాటాక సామాను సర్ది, ఇంటికి పోకుండా ఆర్థర్స్ సీట్ ఎక్కాను. ఇది ఊళ్లోనే ఉన్న ఇంకో కొండ, 251 మీటర్లు, ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతం. మే ఒకటిన సూర్యోదయానికి దాని గడ్డి మీది మంచుబిందువులతో మొహం కడుక్కుంటే ఏడాదంతా నిగనిగలాడుతుందని ఎడిన్‌బరా ఆడపిల్లల నమ్మకం. మా ఆశ్రమంలో ఉండే ఒక పెద్దావిడ ఈ ముచ్చట నాకు చెప్పి, పోయిరా, నా పేరు చెప్పి కూడా ఒకసారి కడుక్కో అంది. మొహం మీద ఎవరిదో నీలం రంగు మరక, ఒంటి నిండా కిరోసిన్ వాసన. గడ్డి మీద అరచేతులు రాసి మొహానికి అద్దుకుంటే వేళ్లు కొంకర్లు పోయాయి. పక్కనే గోర్స్ పొదలు విరగబూసి ఉన్నాయి. ఒళ్లంతా ముళ్లు, మీద పసుపు పువ్వులు. ఆ పువ్వు వాసన అచ్చం పచ్చి కొబ్బరి. ఇంత దూరదేశంలో, తెల్లారి ఐదున్నరకి, కొండమీద ఎవరో కొబ్బరికాయ కొట్టినట్టు. ఆ వాసన నవలలో అలాగే పెట్టేశాను.

తర్వాత మొదటి రెండు అధ్యాయాలు రాసి అమ్మకి వాట్సాప్‌లో పంపాను. ఒక కొండకింది ఊరు. ఏడాదికో రాత్రి ఊళ్లో పొయ్యిలన్నీ ఆర్పేస్తారు. కొండ మీంచి కొత్త నిప్పు తెస్తారు. ఆ నిప్పు రాకపోతే ఊరికి కీడు. అమ్మ చదివి ఫోన్ చేసింది.

"బాగానే ఉందే గానీ, ఆ నిప్పు పట్టుకొచ్చీవాళ్లకి ఏటిస్తారు? ఊరికే తెస్తారేటి?"

"అమ్మా, అది కథ."

"కథైతే మాత్రం ఆళ్లకి పిల్లాజెల్లా ఉండరా?"

ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. అమ్మ అడిగింది తన లోకంలోంచి. విజయనగరంలో దసరా వెళ్లిన తర్వాతి మంగళవారం సిరిమాను తిరుగుతుంది. ఆ మాను ఎక్కడ దొరుకుతుందో అమ్మవారు పూజారికి కలలో చెప్తుందంటారు. చింతమాను. దాన్ని కొట్టి తేవడానికి మనుషులు, చెక్కడానికి మనుషులు. మాను చివర కూర్చునేది వంశపారంపర్యంగా వస్తున్న పూజారే. దాని ముందు పాలధార నడవాలి, బెస్తవాళ్ల వల నడవాలి, అంజలి రథం, తెల్ల ఏనుగు నడవాలి. అవి కదిలాకే సిరిమాను కదిలేది, కోట దాకా మూడుసార్లు. చిన్నప్పుడు మేం మేడమీంచి చూసేవాళ్లం, మాను మీదికి అరటిపళ్లు విసిరేవాళ్లం. అమ్మ దాన్నెప్పుడూ దేవత మహిమగా చెప్పగా వినలేదు. ఏ పని ఎవరిది, ఆ ఇంటికి ఏం ముడుతుంది, ఈసారి ఎవరికి కోపం వచ్చింది, ఎవరు బతిమాలి తెచ్చారు – జాతర గురించి మా ఇంట్లో మాటలన్నీ ఇవే.

అప్పణ్నుంచి నేను పాత పుస్తకాలు వేరే కంటితో చదవడం మొదలుపెట్టాను. దేవుళ్ల పేర్లు వదిలేసి పనుల కోసం వెతికాను. ఎడిన్‌బరా యూనివర్సిటీలో 1951లో మొదలైన స్కాటిష్ స్టడీస్ విభాగం ఉంది. వాళ్లు ఊరూరా తిరిగి రైతుల దగ్గర, దేశదిమ్మరుల దగ్గర పాటలు, కథలు రికార్డు చేశారు. వాటిలో బోలెడు ఇంటర్‌నెట్‌లో ఉచితంగా వినొచ్చు. గేలిక్ నాకు రాదు, పక్కన రాసి ఉన్న సారాంశం చూసుకుంటూ గొంతులు వింటాను. చేత్తో వంటపని చేసుకుంటూ వింటే ఇంకా బాగుంటుంది.

అలా దొరికినవాటిలో మూడు నవలకి వెన్నెముకయ్యాయి.

మొదటిది మార్టిన్ మార్టిన్ అనే స్కై దీవి మనిషి 1703లో అచ్చేయించిన పశ్చిమ దీవుల వర్ణనలోది. పశువులకి తెగులు వస్తే ఊళ్లో నిప్పంతా ఆర్పేసి, 81 మంది పెళ్లయిన మగవాళ్లు కూడేవాళ్లట. రెండు పెద్ద దూలాలు ఒకదాని మీద ఒకటి రాస్తూ, తొమ్మిదేసి మంది వంతులవారీగా, నిప్పు పుట్టేదాకా. ఆ నిప్పు మీద నీళ్లు కాచి పశువుల మీద చల్లేవాళ్లు. ఎనభై ఒక్కమంది! చదవగానే నాకు తోచింది, ఎనభైమందే ఉన్న ఏడు ఏం చేసేవాళ్లు? ఒకడు రానని మొండికేస్తే? పెళ్లాం పోయినవాడు లెక్కలోకి వస్తాడా, రాడా? నవలలో గొడవంతా ఇక్కణ్నుంచే పుట్టింది. మంత్రగాడు లేడు, చీకటి రాజు లేడు. ఎనభై ఒకటో మనిషి రానన్నాడు, అంతే.

రెండోది థామస్ పెన్నంట్ అనే యాత్రికుడు 1769లో స్కాట్లాండ్ తిరిగినప్పుడు రాసుకున్నది. బెల్టేన్ నాడు పశుకాపరులు నేలమీద చదరంగా మట్టి తవ్వి, మధ్యలో మంటేసి, గుడ్లు, వెన్న, ఓట్ పిండి, పాలు కలిపి కాచేవాళ్లు. కొంచెం ముందు నేలమీద పోసేవాళ్లు. తర్వాత ఒక్కొక్కరు ఓట్ రొట్టె తీసుకుంటారు. దాని మీద తొమ్మిది బుడిపెలుంటాయి. మంట వైపు తిరిగి ఒక్కో బుడిపె తుంచి భుజం మీంచి వెనక్కి విసురుతూ, ఇది నీకు, నా గుర్రాల్ని కాపాడు, ఇది నీకు, నా గొర్రెల్ని కాపాడు అంటారు. అక్కడితో ఆగరు. నక్కా, ఇది నీకు, నా గొర్రెపిల్లల జోలికి రాకు. కాకీ, ఇది నీకు. గద్దా, ఇది నీకు. మన దగ్గర గ్రామదేవత కొలుపుల్లో పొలి చల్లడం చూసినవాళ్లకి ఇది కొత్తగా ఉండదు. రాత్రిపూట ఊరి పొలిమేర చుట్టూ అన్నం చల్లుకుంటూ పోయేది చుట్టాల కోసం కాదు కదా. కాపాడేవాళ్లకీ వాటా, కీడు చేసేవాళ్లకీ వాటా. నా నవలలో నక్కకి ఒక ఏడాది వాటా అందదు. అది యుద్ధానికి రాదు. ఊరి చివర గడపలో కూర్చుని, నాది నాకు పెట్టండి అని అడుగుతుంది. రాస్తున్నప్పుడు నాకే భయమేసిన అధ్యాయం అదొక్కటే.

మూడోది కలాండర్ అనే ఊరిది. 1790లలో పాదరీలు తమతమ ఊళ్ల గురించి రాసి పంపిన సంపుటాల్లో ఉంది. కుర్రాళ్లు రొట్టె ముక్కలు చేసి, ఒక ముక్కకి బొగ్గు పూసి, అన్నీ టోపీలో వేసి, కళ్లకి గంతలు కట్టుకుని తలా ఒకటి తీస్తారు. నల్లముక్క వచ్చినవాడు మంటమీంచి మూడుసార్లు దూకాలి. ఒకప్పుడు దూకడంతో సరిపెట్టి ఉండరని ఆ పాదరీగారి అనుమానం. నాకు ఆ అనుమానం అక్కర్లేదు. టోపీలో చెయ్యి పెట్టిన కుర్రాడు వేళ్లతో తడిమి చూసుకుంటాడు చూడండి, ఏ ముక్కకి మసి గరగర తగులుతోందా అని, అది చాలు.

కాగితాలతోనే కూర్చోలేదు, మనుషుల్నీ చూశాను. ఆగస్టు రెండో శుక్రవారం సౌత్ క్వీన్స్‌ఫెర్రీలో బర్రీమన్ తిరుగుతాడు. ఊరు ఎడిన్‌బరా పక్కనే, ఫోర్త్ రైలు వంతెన కింద. బర్‌డాక్ అనే మొక్కకి కాసే ముళ్లకాయలు, మన పల్లేరుకాయల్లాగే బట్టకి పట్టుకుంటే వదలవు. వేలకొద్దీ ఆ కాయల్ని ఒకదానికొకటి అంటించి పలకల్లా చేసి, ఒక మనిషి ఒంటి నిండా, మొహంతో సహా కప్పేస్తారు. తలమీద పూల టోపీ. చేతులు రెండూ పక్కకి చాచి, పూలు చుట్టిన కర్రలు పట్టుకుని, ఉదయం నుంచి సాయంత్రం దాకా ఏడు మైళ్లు ఊరంతా నడవాలి. కూర్చోడానికి లేదు. చేతులు దించితే ముళ్లు గుచ్చుకుంటాయి, అందుకని ఇద్దరు సహాయకులు అటూ ఇటూ పట్టుకుంటారు. గుమ్మం గుమ్మం దగ్గరా విస్కీ ఇస్తే గొట్టంతో తాగుతాడు. బర్రీమన్ ఆ ఊరివాడే అయ్యుండాలి.

అందరూ బర్రీమన్ ఫొటోలు తీస్తుంటే నేను ఆ సహాయకుల్లో ఒకాయన చేతులే చూస్తూ నడిచాను. మధ్యాహ్నానికి ఆయన మణికట్టు కింద ఎర్రగా గీతలు పడ్డాయి. పట్టు మార్చుకునేటప్పుడు కర్ర కిందికి జారకుండా ముందు మోచెయ్యి ఆనించి, తర్వాత వేళ్లు తీస్తున్నాడు. లోపల ఉన్న మనిషి మాట్లాడడు. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు గొట్టం అందించాలో ఆ పట్టులోనే తెలిసిపోతోంది. బర్రీమన్ ఎవరు, వనదేవతా, బలిమనిషా, అదృష్టం తెచ్చేవాడా అని పండితులు రకరకాలుగా రాశారు. ఆ కర్ర పట్టుకున్నాయన్ని అడిగితే, సాయంత్రం దాకా పడిపోకుండా చూడాలి, అదే అన్నాడు.

చలికాలం ఇక్కడ రాతకి మంచిది, మనిషికి చెడ్డది. డిసెంబర్లో ఎనిమిదిన్నర దాటాక తెల్లారుతుంది, మూడు నలభైకి పొద్దు గూకుతుంది. విజయనగరం నుంచి వచ్చిన ఒంటికి ఇది అలవాటు కాదు, సర్దుకుంటుందంతే. ఆ నెలల్లో ఎక్కువగా తిరగరాత. అక్టోబర్ 31 రాత్రి సవిన్ జాతర, వేసవి రాజు ఓడి చలికాలం గెలిచే ఆట. చూడటానికి బాగుంటుంది, నాకు మాత్రం బెల్టేన్ అంత పట్టలేదు. నా తీరు అది.

రెండో అధ్యాయం నుంచి నన్ను ఏడిపించిన సన్నివేశం ఒకటుంది. నవలలో కొండమీద రాతిబొమ్మల్ని ఎండాకాలం బయటికి తీసి, చలికి లోపల పెట్టే ముసలాడు వస్తాడు. దానికి మూలం పెర్త్‌షైర్‌లోని గ్లెన్ లయన్ లోయ. అక్కడ లోపలికెక్కడో టై నమ్ బోడఖ్ అనే చిన్న రాళ్లగూడు ఉంది. మోకాలెత్తు మించదు, పైన పచ్చిక. అందులో ఏటి నీళ్లకి అరిగి నడుము సన్నబడిన బరువైన రాళ్లు: ముసలమ్మ, ముసలాయన, వాళ్ల పిల్లలు. మంచు తుఫానులో వచ్చిన జంటకి లోయవాళ్లు గూడిచ్చారనీ, మమ్మల్ని ఇలా చూసుకున్నన్నాళ్లూ మీ గడ్డి, మీ మందలు పచ్చగా ఉంటాయని వాళ్లు దీవించారనీ కథ. మే మొదట్లో రాళ్లని గూట్లోంచి తెచ్చి వాకిట్లో లోయకేసి నిలబెడతారు. నవంబర్ మొదట్లో లోపల పెట్టి గూడు మూసేస్తారు. ఆ పని తరతరాలుగా అక్కడి గొర్రెల కాపర్లది, ఎస్టేటు మనుషులది.

లాక్ లయన్ ఆనకట్ట దగ్గర రోడ్డు ఆగిపోతుంది. అక్కణ్నుంచి సరస్సు ఒడ్డెంబడి నడకే, మధ్యలో వాగులు దాటాలి. ఎర్రజింకలు దూరంగా నిలబడి చూస్తాయి. ఫోన్ సిగ్నల్ ఉండదు. చేరేసరికి రాళ్లు వాకిట్లోనే ఉన్నాయి, జూన్ నెల. ముసలమ్మ రాయి నా మోచేయంత కూడా లేదు. మెడ దగ్గర పచ్చటి నాచు. గూడు వెనక మట్టిలో గమ్‌బూట్ల ముద్రలు ఎండి గట్టిపడి ఉన్నాయి, ఎవరో వచ్చి మోసి నిలబెట్టి వెళ్లినవి. నేను చాలాసేపు రాళ్లకంటే వాటినే చూశాను. తిరిగొచ్చాక సన్నివేశం తేలిగ్గా వచ్చేసింది. నవలలో ముసలాడు మంత్రం చదవడు. నడుం పట్టేసిందని తిట్టుకుంటూ రాయి ఎత్తుతాడు, ముసలమ్మని ముందు, పిల్లల్ని తర్వాత. వరస తప్పితే ఆమెకి కోపమని వాళ్ల నాన్న చెప్పాడు కాబట్టి.

ఆ తర్వాతి బెల్టేన్‌కి కాగడాల జట్టులో చేరాను. వత్తిని కిరోసిన్‌లో ముంచి, మిగులు చుక్కలు డబ్బాలోకి దులపాలి, లేకపోతే వెలిగించగానే చేతిమీదికి కారుతుంది. మొదటి గంట చెయ్యి లాగుతుంది. తర్వాత భుజం. తర్వాత ఏమీ తెలీదు. పక్కన నడుస్తున్న ఆమె, ఇంట్లో పీఠం ఉందన్నానే, ఆవిడ, నడుమ్మధ్యలో నన్నడిగింది: నువ్వు ఇవన్నీ నమ్ముతావా?

"నమ్మకం సంగతేమో గానీ, నాది ఆరితే వెనకవాళ్లకి దారి కనపడదు" అన్నాను.

ఆవిడ నవ్వి, నాదీ అదే మతం అంది.

నవల పూర్తయ్యాక ఒక ప్రచురణకర్తకి పంపితే, ఇందులో పనులెక్కువున్నాయి, యుద్ధం ఎక్కడ అని రాశారు. రాజకుమారుడు లేడు, కత్తి లేదు, నక్క ఒకటి గడపలో కూర్చుంటుంది, జనం ఎనభై ఒకటో మనిషి కాళ్లావేళ్లా పడతారు, ఎవరు చదువుతారండీ అని. మనవాళ్లకి చదివించే జానపదమంటే కత్తీ గుర్రమే అన్న లెక్క అది. నాకు ఆ లెక్క ఒప్పుకోబుద్ధి కాలేదు. మన ఊళ్లల్లో అసలైన జానపదం అంతా పేచీల్లోనే ఉంది. సాంబ్రాణి ఎవరు వెయ్యాలి, దున్నపోతు తాడు ఎవరు పట్టాలి, ఘటం ఎవరి వీధిలోంచి పోవాలి అని రాత్రంతా తగువులాడి తెల్లారేసరికి అందరూ ఒకటై నడిచే జనం మనం. ఇంకొకరు పుస్తకం వేస్తామన్నారు. ముళ్లకాయలు ఏరే అధ్యాయం మాత్రం కుదించమన్నారు. బేరం నడుస్తోంది. నేను తగ్గను.

అమ్మ చివరిదాకా చదివింది. నిప్పు తెచ్చేవాళ్లకి నేను నవలలో ఏర్పాటు చేసిన వాటా – ఏడాదికి సరిపడా కట్టెలు, ఒక గొర్రెపిల్ల, ఊళ్లో ఎక్కడైనా ముందు బంతిలో భోజనం – ఆవిడకి తక్కువనిపించింది. బట్టలు కూడా పెట్టాలట. రెండో కూర్పు వస్తే కలుపుతానన్నాను.

ఇక్కడ చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లు ఎలా వెళ్లాలని అడుగుతుంటారు, అందుకని చెప్తున్నాను. బెల్టేన్‌కి టికెట్ ఉంటుంది, ముందే కొనుక్కోండి. రాత్రి కొండమీద గాలి కోసేస్తుంది, ఉన్ని బట్టలు, గట్టి బూట్లు వేసుకోండి, స్టీవార్డు పక్కకి జరగమంటే జరగండి. బర్రీమన్‌ని చూడ్డానికి టికెట్ లేదు. వేవర్లీ స్టేషన్ నుంచి రైలెక్కి డాల్మెనీలో దిగితే నడిచి వెళ్లిపోవచ్చు, హుండీలో ఏదైనా వెయ్యండి. గ్లెన్ లయన్‌కి వాతావరణం చూసుకునే బయల్దేరాలి, వాన పడ్డాక వాగులు దాటకండి, ఒంటరిగా అసలొద్దు. గూడు దగ్గర ఫొటోలు తీసుకోండి, అన్నం తినండి. రాళ్లని మాత్రం కదపకండి, సర్దకండి. ఆ పనికి వేరే మనుషులున్నారు.